చెరపని టేపు

తాళ్ళపాకవారి సంకీర్తనలు తిరుమల ఆలయంలో రాగిరేకులపై నిలిచాయి గనుకనే నేడు మనం పాడుకొంటున్నాము. అయితే రేకు సాహిత్యాన్ని నిలిపింది గాని, అన్నమయ్య గళాన్ని నిలుపలేకపోయింది. గళాన్ని నిలిపే విద్య తరువాతి కాలానిది. సినిమాలో ఆ విద్యను నిర్వహించే శబ్దగ్రాహకుల పేర్లు తెరపై క్షణకాలం కనిపించి మాయమవుతాయి. మద్రాసు విజయా గార్డెన్స్ రికార్డింగు థియేటరు ఇంజనీరు స్వామినాథన్ గారు అట్టివారిలో ఒకరు.

ఆయన మేలు పొందిన గాయకుడు మన సీమలో చదువుకొన్నవాడే. 1946లో నెల్లూరు ప్రాంతాన జన్మించిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి పాఠశాల చదువు శ్రీకాళహస్తిలో సాగింది. ఆ ఊరు నాడు చిత్తూరు జిల్లాలోనిది. 2022 నుండి తిరుపతి జిల్లాలోనిది. అక్కడి ఉపాధ్యాయులు జి.వి. సుబ్రహ్మణ్యం గారు ఆ బాలునిచేత 'చెంచులక్ష్మి' చిత్రంలోని పాటను పాడించి టేపుపై ముద్రించారు. పిదప తిరుపతిలో పి.యు.సి., అనంతపురంలో అనారోగ్యంతో ఆగిన ఇంజనీరింగు, ఆపై మద్రాసులో ఎ.ఎం.ఐ.ఇ. చదువు. అక్కడ ఒక పాటల పోటీలో ఆ గళాన్ని గుర్తించినవారు సంగీత దర్శకులు ఎస్.పి. కోదండపాణి గారు.

1966 డిసెంబరు 15న 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న' చిత్రానికై తొలిపాట రికార్డయింది. సహగాయకులు పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, రఘురామయ్య గార్లు. ఆ రోజులలో గాయకులు, వాద్యబృందం కలిసి ఒకేసారి పాడి వాయించవలసిందే. ఒకరు తడబడితే అందరూ మళ్ళీ మొదటికి రావలసిందే. ఏ మైకు ఎంత వినాలో అప్పటికప్పుడు నిర్ణయించే బాధ్యత ఇంజనీరుది.

టేపు ఖరీదైన వస్తువు. పాటను ఫిల్ముపైకి ఎక్కించుకొన్నాక అదే టేపును చెరిపి మరొక పాటకు వాడుకోవడం నాటి ఆనవాయితీ. అయస్కాంత ముద్ర గనుక, చెరిపితే ఆనవాలు మిగలదు. కోదండపాణి గారు స్వామినాథన్ గారిని పిలిచి, ఈ పాటను ఒక సంవత్సరంపాటు చెరపవద్దనీ, థియేటరుకు వచ్చే ఇతర సంగీత దర్శకులకు వినిపించమనీ కోరారు. ఆయన అలాగే చేశారు. కొత్త గాయకుడు గడపగడపకూ తిరిగి పాడనక్కర లేకుండా, అతని గళమే నలుగురి చెవినీ చేరింది. ఈ సంగతిని బాలు గారే పలుమార్లు కృతజ్ఞతతో చెప్పుకొన్నారు.

కోదండపాణి గారు 1974లో కీర్తిశేషులయ్యారు. బాలు గారు తాను నెలకొల్పిన రికార్డింగు థియేటరుకు గురువు పేరే పెట్టుకొన్నారు. 2020లో బాలు గారూ వెళ్ళిపోయారు. గురుశిష్యుల కథ లోకమంతా ఎరిగినదే. ఆ కథలో స్వామినాథన్ గారు పాడలేదు, బాణీ కట్టలేదు. చెరిపివేయవలసిన దానిని చెరపలేదు, అంతే. కాని ఆ పని జరగకపోయి ఉంటే?

ప్రతిభ ఒక్కటే గెలుస్తుందని తరగతిగదిలో చెప్పడం సులభం. చెరపవద్దని అడిగే పెద్దా, ఆ మాట నిలబెట్టే ఇంజనీరూ దొరకని గళాలు ఆ టేపులపై ఎన్ని పుట్టి ఎన్ని అణగిపోయాయో! పాట విన్నప్పుడు గాయకునితోపాటు శబ్దగ్రాహకుని పేరును కూడా ఒకసారి వెతికి చదువుదాము. మనం చెల్లించగల ఋణం అంతమాత్రమే.