కుదువకు పోని చీర

కన్నడమును తెలుగును ఒకే వీధిలో వినవచ్చు గుడిబండ పరిసరములందును, మడకశిర దారినున్న పల్లెలందును, పాతకాలపు మట్టిమిద్దెలలో వెలుతురు సరిగా చొరని నడిమి గది మూలను ఒక కొయ్య సందుగ నేటికిని అక్కడక్కడ కనబడును. మూత యెత్తగానే ఎండిన వేపాకుల వాసనయు కలరా ఉండల ఘాటును కలసి ముక్కు నంటును. పైవరుసలో భూమి దస్తావేజులు, పాసుపుస్తకము. నడుమ వెండి కడియములు, అవి కుదువకు పోకయున్నచో. అట్టడుగున పాతగుడ్డలో చుట్టిన పెండ్లినాటి పట్టుచీర. ఇంటి పెద్దను తన సొత్తేదని యడిగినచో పైవరుసను చూపును. ఇల్లాలి చేయి మాత్రము అడుగునకు పోవును.

ఎవరికి ఏ వస్తువు ప్రియమో పంట పండిన యేట తెలియదు. విడువవలసిన దినము వచ్చినప్పుడు దేనిని మొదట విడిచిరి, దేనిని కడపటివరకు పట్టుకొనిరి అను వరుసను బట్టి తెలియును. ఆ దినము ఈ సీమకు పలుమారులు వచ్చినది.

1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధమున రామరాయలు హతుడు కాగా, ఆయన తమ్ముడు తిరుమలరాయలు విజయనగరమునకు తిరిగివచ్చి, పేరునకు మాత్రమే రాజైన సదాశివరాయలను వెంటబెట్టుకొని, భాండాగారములోని బంగారమును రత్నములను రాజలాంఛనములను ఏనుగులపై నెక్కించి పెనుకొండకు చేరెను. ఆ ఏనుగులు 550 అని రాబర్ట్ స్యూయెల్ 1900లో ప్రకటించిన తన విజయనగర చరిత్రలో వ్రాసెను. ఆ సంఖ్యను నేనంతగా నమ్మను. ఓడిన రాజ్యముల ధనము కథలలో పెరుగుచునే యుండును. ఏనుగులను లెక్కించినవారు, వాని వెనుక నడచివచ్చిన పరిజనుల మూటలలో నేమున్నదో చూడలేదు. చూచియున్నచో మన చరిత్ర కొంత వేరుగా నుండెడిది. పెనుకొండలో గగనమహలు నేటికిని నిలిచియున్నది. ఏనుగులు దించిన బరువులో ఒక్క వరహాయైన నందు లేదు.

ఆ పెనుకొండ ధనాగారమునకే అంతకు మూడు దశాబ్దములకు ముందు, అచ్యుతదేవరాయల కాలమున, విరూపణ్ణ అధికారిగా నుండెను. హిందూపురమునకు సమీపమున లేపాక్షిలో వీరభద్రాలయమును కట్టించినది ఆయనయు, ఆయన సోదరుడు వీరణ్ణయు. రాజధనమును అనుమతి లేక గుడికి వ్యయించెనని రాయలు కన్నులు పెరికింప నాజ్ఞాపించెననియు, ఆ మాట విని విరూపణ్ణ తన కన్నులను తానే పెరికి గోడకు విసరెననియు జనులు చెప్పుకొందురు. అసంపూర్ణముగా నిలిచిన కల్యాణమండపము చెంత ఎఱ్ఱని మరకలు రెండింటిని నేటికిని చూపుదురు. ఇది జరిగెనా లేదా అను వివాదమున కిచట తావులేదు. కథ కట్టిన పల్లెజనము లెక్క చెల్లునాటికి కోశాధికారి చేత పెట్టె తాళములు పెట్టక, తన దేహములోని దానినే పెట్టించుట మాత్రము నాకు వింతగా తోచును. ఖజానాలో ఆయన సొత్తేదియు లేదని వారికి బాగుగా తెలియును.

రాజుల మాట యటుండగా, సామాన్యుల సందుగలను ఒక్కుమ్మడిగా తెరిపించినది ధాత కరువు. 1876 నుండి 1878 వరకు వానలు తప్పి దక్షిణదేశ మంతయు ఎండిన ఆ కాలమున ఈ తాలూకా లింకను బళ్లారి జిల్లాలో నుండెను; అనంతపురము ప్రత్యేక జిల్లాయైనది 1882లో. 1877 ఆరంభమున కరువు పరిశీలనకు ఆంగ్ల ప్రభుత్వము పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, కరువు పనులలో రాళ్లు కొట్టు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును దానిపై కొద్ది చిల్లరయు చాలునని కూలి తగ్గించెను. పౌననగా అరకిలోకును తక్కువ. పశువులు పోయినవి, పిదప వెండి పోయినది, పిదప ఇత్తడి బిందెలు, రాగి చెంబులు, కడకు తలుపులును ఇంటి దూలములును విప్పి యమ్మినవారు గలరు. ఇందు వెండి ముందుగా పోవుటను చూచి ఆభరణములపై మనవారికి మోజు తక్కువ యని తలపరాదు. మూడేండ్లకొకమారు వాన తప్పు మెట్టనేలలో కడియమనగా కాలికి తొడిగిన నిలువధనము. విడుచుటకై చేయించుకొన్న వస్తువది. పంట వచ్చిన యేట కొనుట, ఎండిన యేట కుదువ పెట్టుట దాని ధర్మము. దానిని కోల్పోయి స్త్రీలు ఏడ్చియుందురు, కాని ఆశ్చర్యపడియుండరు.

విడువరాని వస్తువులు వేరు. ధర్మవరమునకు దాపుననున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబములు గలవు. మేకతోలును పలుచగా, దీపము వెలుగు చొచ్చునట్లు గీకి, రంగులద్ది, భుజములకును మోచేతులకును కీళ్లు కట్టిన ఆ బొమ్మలు వారికి అన్నము పెట్టు పనిముట్లు, పూజ నందుకొను దేవతలును. ఆ కళకు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. నేడు రాత్రియాటలు తగ్గి, ఆ వ్రేళ్లే దీపపు గొడుగులను చేసి యమ్ముకొనుచున్నవి. అయినను అరిగి చిరిగిన రాముని పారవేయుట యెఱుగరు. మనుష్యునకు వలె కడపటి మర్యాద చేసి ఏటినీట విడుచుట ఈ వృత్తివారి ఆచారమని చెప్పుదురు.

ఇక సందుగ అడుగున నున్న చీర. క్రియాశక్తి ఒడయరు తన తల్లి ధర్మాంబ పేర నిలిపెనని ప్రతీతి గల ధర్మవరమున, మగ్గపు గుంటలో కాళ్లు వ్రేలాడవైచి కూర్చున్న నేతగాడు దినముల తరబడి నేసిన వెడల్పు అంచుల చీర అది. లేపాక్షి లతామండపపు స్తంభములపై, ఒకదాని నొకటి పోలకుండ చెక్కిన అల్లికల వంటివి ఆ అంచులలో చూచి మురియువారు కలరు. కొన్ననాడు దాని వెల అందరికిని తెలియును; ఇరువది యేండ్లు గడచిన పిదప మడతల వెంబడి పట్టు చిట్లి, కట్టుటకు పనికిరాదు. అమ్మినచో మాత్రము కొనువా డొకడు గలడు. పాత పట్టుచీరలు కొందుమని వీధి వీధి కేకవేయుచు వచ్చు జరీ బేరగాడు అంచును వ్రేళ్ల నడుమ నలిపి, అది అసలు జరీయో కాదో క్షణములో తేల్చును. పసుపు మరక, తలంబ్రాల నాటి పారాణి గుర్తు అతని లెక్కలోనికి రావు. కొన్న చీరను కాల్చుదురు. పట్టు బూడిద యగును, జరీలోని వెండి మిగులును. తూకమునకు వచ్చున దంతే.

కడియములను కుదువ పెట్టుటకు తానే ముందుగా తీసి యిచ్చిన ఇల్లాలు ఈ బేరగానితో మాత్రము చాలసేపు మాటలాడును, వెల అడుగును, ఇంకొంచెము పెంచుమనును, చీరను వెలికి తెచ్చి అరుగుపై పరచి చూపును కూడ. అతడు తక్కెడ తీయుసరికి మడతపెట్టి లోపలికి తీసికొనిపోయి, సందుగ మూసి, తాళపుచెవిని కొంగున ముడివేసికొనును.