దసలికాయ మొక్క కాపు కాదు

ఒడిశాలోని సిమిలిపాల్ అడవిలో, సాల వృక్షాలపై మోడాల్ అనే అడవి దసలి పట్టుపురుగు ఏడాదికొక్క తరమే పెరుగుతుంది. ఒకప్పుడు సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్, బెంగాల్ దసలి పురుగుపై రాసిన వ్యాసం 1804లో లండన్‌లో అచ్చయింది. 1878 పారిస్ ప్రదర్శనలో థామస్ వార్డిల్ ఈ పట్టును ఐరోపాకు పరిచయం చేశాడు. అడవి గూడు అంతర్జాతీయ సరుకైంది.

దారం తెగకుండా రావాలంటే, రెక్కల పురుగు గూడును చీల్చుకుని రాకముందే దానిని వేడికి చంపాలి. కాయలన్నీ ఏరితే మరుసటి ఏటికి గుడ్లు పెట్టేవి మిగలవు. మితిమీరి ఏరడం, అడవులు తరగడం కలిసి మోడాల్‌ను క్షీణింపజేశాయి.

2006 అటవీ హక్కుల చట్టం దసలిని, పట్టుకాయలను మొక్కల నుంచి వచ్చే చిన్నతరహా అటవీ ఫలసాయంలో చేర్చింది. ఆదివాసులకు ఏరుకునే హక్కు దక్కడం న్యాయమే. కానీ బీడీ ఆకు కోసిన చెట్టు మళ్లీ చిగురిస్తుంది. కాయ కోస్తే ఒక సంతతి ఆగుతుంది. అదే చట్టంలోని 5వ సెక్షన్ వన్యప్రాణులను, జీవవైవిధ్యాన్ని కాపాడే బాధ్యతను హక్కుదారులకు, గ్రామసభలకు అప్పగించింది. బాధ్యత మోపినవారే ఖర్చూ భరించాలి: విత్తనం కోసం కాయలను చెట్టునే వదిలిన కుటుంబానికి వాటి ధరను ప్రభుత్వం చెల్లించాలి.