నీటి పంపుల నెట్‌వర్క్‌ను స్కాన్ చేయొచ్చా?

గోదావరి నీరు దేవాదుల ఎత్తిపోతల ద్వారా ధర్మసాగర్ రిజర్వాయర్‌కు చేరుతుంది. వరంగల్ తాగునీటికి ఇదొక ఆధారం. ఇలాంటి పెద్ద పథకాల్లో మోటార్లు, వాల్వులను నడపడానికి పీఎల్‌సీ అనే చిన్న కంప్యూటర్లు వాడతారు. ఏ పరికరం ఎక్కడుందో తెలియకపోతే దాన్ని కాపాడలేం.

అయితే ఆఫీసు కంప్యూటర్లలా వీటిని స్కాన్ చేయకూడదు. వరుస ప్రశ్నలు పంపితే పాత పీఎల్‌సీ మొరాయించి పంపు ఆగిపోవచ్చు. అందుకే ముందు నెట్‌వర్క్‌లో నడిచే డేటాను గమనిస్తారు. ఉదాహరణకు, మోడ్‌బస్ పరికరాలు సాధారణంగా 502 పోర్టు వాడతాయి. నేరుగా స్కాన్ చేయక తప్పకపోతే, పంపులు ఆపిన మరమ్మతు వేళల్లోనే అనుమతితో చేయాలి.

మీరు ఇలాంటి వ్యవస్థను చూసుకుంటున్నారా? కీలక నెట్‌వర్క్‌ను బయటివారు స్కాన్ చేస్తున్నట్లు తేలితే, 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు తెలపాలి.