మాలాక్ చేసినవాడే ఫ్రీ చెయ్యాలి

సీ లాంగ్వేజీ మొదలెట్టిన కొత్తల్లో అందరికీ చెప్తారు కదా, మాలాక్ చేసినవాడే ఫ్రీ చెయ్యాలని. మన దేశంలో ఎలక్ట్రానిక్ చెత్త మీద వచ్చిన రూల్స్ చరిత్రంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరిగింది.

ప్రమాదకరమైన చెత్తని దేశం దాటించి తోలెయ్యకుండా 1989లో బాసెల్ ఒప్పందం కుదిరింది. 1992లో మనమూ చేరాం. అయినా పాత కంప్యూటర్లు సెకండ్ హ్యాండ్ పేరుతో ఓడలెక్కి వస్తూనే ఉన్నాయి. ఢిల్లీ సీలంపూర్లో వైర్లు కాల్చి రాగి, బోర్డులు యాసిడ్లో ముంచి బంగారం తీయడం కుటీర పరిశ్రమైపోయింది. 2005లో బెంగుళూరు దగ్గర ఈ-పరిసర వచ్చింది, ప్రభుత్వ అనుమతితో మొదలైన తొలి రీసైక్లింగ్ యూనిట్ అదే.

తయారుచేసిన కంపెనీయే వెనక్కి తీసుకోవాలని మొదటిసారి చెప్పినవి 2011 రూల్స్. 2012 మే 1 నుంచి అమల్లోకొచ్చాయి. నాకు బాగా నచ్చింది మాత్రం 2016 నాటి ముక్క: కొనేటప్పుడు కొంత డిపాజిట్ పట్టుకుని, పాడయ్యాక తెచ్చిస్తే వడ్డీతో సహా తిరిగివ్వడం. అచ్చం కూల్‌డ్రింక్ సీసా లెక్కే! కానీ దాన్ని కంపెనీల ఇష్టానికి వదిలేశారు. ఇష్టానికి వదిలితే ఎవడు చేస్తాడండీ? 2022 రూల్స్‌తో వస్తువుల జాబితా 21 నుంచి 106కి పెరిగింది, కంపెనీలు రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొనుక్కునే పద్ధతి వచ్చింది. మనింటి గుమ్మం దగ్గర మాత్రం ఏమీ మారలేదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు ముంచినప్పుడు మా భవానీపురం వీధుల్లోకీ నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీశాక గుమ్మాల ముందు టీవీలు, ఫ్రిజ్జులు, వాషింగ్ మెషీన్లు. మునిగిన కింది అంతస్తు ఇళ్ళకి ప్రభుత్వం 25 వేలు ప్రకటించింది. చెడిపోయిన సామాను కోసం వచ్చింది మాత్రం పాత ఇనప సామాన్ల బండాయన. తూకం వేశాడు, చేతిలో డబ్బు పెట్టాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయన తప్పేం లేదు. రాగికి రేటుంది, ఇనుముకి రేటుంది. పాత టీవీ పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది, దానికి రేటు లేదు. అందుకే పనికొచ్చేది అమ్ముడుపోయి, విషం కాలవ గట్టున మిగిలిపోతుంది. ఆ డిపాజిట్‌ని తప్పనిసరి చేసి, అందులో బండాయనకీ వాటా పెడితే ట్యూబు పగలకుండా తెచ్చిస్తాడు. ఆయన దగ్గర బండి ఉంది, తక్కెడ ఉంది, ప్రతి ఇల్లూ తెలుసు. కంపెనీలు పెట్టే కలెక్షన్ సెంటర్ ఎక్కడుందో మీలో ఎంతమందికి తెలుసు?