అప్పగించేటప్పుడు ఇచ్చిన మాట

ఈజిప్టులోని కర్నాక్ ఆలయం గోడ మీద ఒక సంధి చెక్కి ఉంది. క్రీస్తుపూర్వం 1259 ప్రాంతంలో ఫారో రెండో రామ్సెస్, హిట్టైట్ రాజు మూడో హట్టుసిలి కుదుర్చుకున్నది. కాదేష్ దగ్గర హోరాహోరీగా తలపడిన పదిహేనేళ్లకు రాసుకున్న ఆ ఒప్పందంలో, ఒకరి రాజ్యం నుంచి పారిపోయి వచ్చినవాణ్ని మరొకరు పట్టి పంపాలన్న షరతు ఉంది. అది ఏ రాజైనా కోరుకునేదే. హట్టుసిలికి మరీ అవసరం. అతను గద్దె దించిన సొంత అన్నకొడుకు ఉర్హి తెషుబ్ చివరికి ఈజిప్టులోనే తలదాచుకున్నాడు. ఆశ్చర్యమంతా ఆ తర్వాతి వాక్యాల్లో ఉంది. తిరిగి వచ్చినవాడి మీద నేరం మోపకూడదు. ఇల్లు కూల్చకూడదు. భార్యాబిడ్డల జోలికి పోకూడదు. ప్రాణం తీయకూడదు. కళ్లకు, చెవులకు, నోటికి, కాళ్లకు హాని చేయకూడదు. ఇన్ని అవయవాలను పేరుపేరునా రాశారంటే, మామూలుగా పట్టుబడ్డవాడి గతి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

నేరస్థుల అప్పగింతకు ఈ సంధిని తొలి ఆనవాళ్లలో ఒకటిగా చెబుతారు. నిందితుడి రక్షణకు కూడా ఇదే తొలి ఆనవాలని నేనంటాను. హక్కులు అప్పగింత చట్టానికి ఈమధ్య అతికించినవనీ, పరారైనవాళ్లు దాక్కోవడానికి తప్ప ఎందుకూ పనికిరావనీ విసుక్కునేవాళ్లను చూస్తుంటాం. కానీ మనిషిని అప్పగించమని అడగడమూ, వచ్చాక అతన్ని ఏం చేయబోమో ముందే మాట ఇవ్వడమూ ఒకే రాతి మీద ఉన్నాయి.

తర్వాతి రాజులు ఆ మాటను మరిచారు. శతాబ్దాల పాటు ఒకరికొకరు అప్పగించుకున్నది ఎక్కువగా తమ గద్దెకు ఎసరు పెట్టినవాళ్లనే. మామూలు దొంగ పొరుగు దేశం పోతే పీడ విరగడైందనుకునేవారు. ఆ పద్ధతిని తలకిందులు చేసింది బెల్జియం. 1830లో తిరుగుబాటుతో పుట్టిన ఆ చిన్న దేశం, రాజకీయ నేరాలకు ఎవరినీ అప్పగించబోమని 1833లో చట్టం చేసుకుంది. నిన్నటి తిరుగుబాటుదారులే పాలకులైన చోట మరొకలా రాసుకుంటారా? అయితే 1854లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ రైలును పేల్చబోయిన కేసు నిందితుడు బెల్జియంలో దొరికాక చిక్కొచ్చి పడింది. దేశాధినేత హత్య రాజకీయ నేరం కిందికి రాదని 1856లో సవరణ తెచ్చారు. అమెరికా సుప్రీంకోర్టు 1886లో మరో రక్షణ చేర్చింది. హత్యా నేరం మీద బ్రిటన్ నుంచి తెచ్చుకున్న రౌషర్ అనే ఓడ అధికారిని, తెచ్చాక వేరే నేరానికి విచారించడం కుదరదంది.

హైదరాబాదుకూ ఈ కథలో చోటుంది. నిజాం ప్రభుత్వానికీ బ్రిటిష్‌వారికీ మధ్య 1867లోనే అప్పగింత ఒప్పందం కుదిరింది. అయినా 1890లలో, సిమ్లా మేజిస్ట్రేటు ఇచ్చిన వారంటు పట్టుకొచ్చి, యూసుఫుద్దీన్ అనే నిజాం ప్రజను హైదరాబాద్ రాజ్యంలోని రైల్వే స్టేషనులో అరెస్టు చేశారు. రైలుమార్గం మీద అధికారం నిజాం మాకు వదిలేశాడు కదా అన్నది బ్రిటిష్‌వారి వాదన. లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1897లో దాన్ని కొట్టేసింది. వదిలిన అధికారం రైలు నడుపుకోవడానికే గానీ, రైల్వేతో సంబంధం లేని నేరానికి అక్కడ మనిషిని పట్టుకోవడానికి కాదని తేల్చింది. సామ్రాజ్యం వెలిగిపోతున్న రోజుల్లో, సామ్రాజ్యపు న్యాయమూర్తులే సొంత పోలీసుల చేతులు కట్టేసిన ఈ తీర్పును మనం గుర్తుంచుకోవాలి.

అందరికీ అంత అదృష్టం దక్కలేదు. 1910 జులై 8న మార్సెయ్ రేవులో ఆగిన మోరియా ఓడ నుంచి, బ్రిటిష్‌వారి ఖైదీగా ఉన్న సావర్కర్ సముద్రంలోకి దూకి ఒడ్డు చేరారు. ఫ్రెంచి పోలీసు ఆయన్ని పట్టి, ఏ విచారణా లేకుండా తిరిగి బ్రిటిష్‌వారికి అప్పజెప్పాడు. ఫ్రాన్స్ అభ్యంతరం చెప్పడంతో వివాదం హేగ్‌కు వెళ్లింది. అరెస్టు తీరు సవ్యంగా లేదు, అయినా ఆయన్ని ఫ్రాన్స్‌కు వెనక్కి పంపాలనే నియమం ఏదీ లేదని 1911 ఫిబ్రవరిలో అక్కడి మధ్యవర్తులు చెప్పారు. ఆ కేసులో కక్షిదారులు ఫ్రాన్స్, బ్రిటన్. ఎవరి జీవితం పణంగా ఉందో ఆయనకు అందులో గొంతే లేదు. నాకు ఈ తీర్పులో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఆ గొంతు వినపడటానికి 1989 దాకా పట్టింది. అమెరికాలోని వర్జీనియాలో రెండు హత్యలు చేశాడన్న ఆరోపణతో బ్రిటన్‌లో పట్టుబడ్డ జర్మన్ యువకుడు సోరింగ్, తనను పంపొద్దంటూ యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకెక్కాడు. మరణశిక్ష అమలు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ జైల్లో గడపడమే అమానుషమనీ, అలాంటి చోటికి పంపితే పంపిన దేశానిదీ తప్పేననీ కోర్టు తేల్చింది. మరణశిక్ష పడే కేసు పెట్టబోమని హామీ ఇచ్చాకే అతన్ని అమెరికాకు అప్పగించారు. అక్కడ యావజ్జీవ శిక్ష పడింది. బాధితులకు న్యాయం ఆగలేదు.

మన 1962 అప్పగింత చట్టంలోనూ ఇవన్నీ ఉన్నాయి. రాజకీయ నేరానికి అప్పగింత లేదు. ఏ నేరానికి తెచ్చామో దానికే విచారణ. మరణశిక్ష లేని దేశం నుంచి తెచ్చుకున్నవాడికి ఉరి బదులు యావజ్జీవమేనని 1993లో 34సి సెక్షన్ చేర్చారు. వీటికి అసలైన పరీక్ష ముంబయి పేలుళ్ల నిందితుడు అబూ సలేం. పోర్చుగల్ అతన్ని ఇవ్వడానికి ముందు, ఉరి వేయబోమనీ, 25 ఏళ్లకు మించి జైల్లో ఉంచబోమనీ 2002 డిసెంబరులో మన ప్రభుత్వం తరఫున ఉప ప్రధాని ఆడ్వాణీ రాసిచ్చారు. 2005 నవంబరులో తీసుకొచ్చారు. 1993 ముంబయి పేలుళ్ల కేసులో 2017లో యావజ్జీవం పడింది. 257 మందిని బలిగొన్న ఘోరం అది. వాళ్ల కుటుంబాలకు ఆ హామీ ఎంత చేదుగా ఉంటుందో తెలుసు. అయినా ఆ హామీ లేకపోతే అతను ముంబయి కోర్టు ముందు నిలబడేవాడే కాదు. 2022 జులైలో సుప్రీంకోర్టు ఆ మాట నిలబెట్టింది. 2005 అక్టోబరు 12 నుంచి లెక్కగట్టి 25 ఏళ్లు నిండాక, విడుదల కోసం కేంద్రం రాష్ట్రపతికి సలహా ఇచ్చి తీరాలనీ, అందుకు అవసరమైన కాగితాలు నెల రోజుల్లో కదలాలనీ ఆదేశించింది.