కత్తి బిళ్ళపై సిలువ గుర్తు: జపాను ఖడ్గములను గూర్చిన ఒక చారిత్రక పరిశీలన

హైదరాబాదు పాతబస్తీలో, మూసీనది దక్షిణపు ఒడ్డునున్న సాలార్‌జంగ్ మ్యూజియమును చూడని సేవకులు మనలో తక్కువే. అయితే సంగీత గడియారము ముందు గుమిగూడే జనము జపాను విభాగములోని సమురాయ్ ఖడ్గముల దగ్గర అంతగా నిలువరు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) సేకరించిన వస్తువులు 1951లో దివాన్ దేవిడీలో ప్రదర్శింపబడి, 1968లో ఇప్పటి భవనమునకు చేరినవి.

జపాను ఖడ్గములో పిడికిని అలుగుకును మధ్య ఒక లోహపు బిళ్ళ ఉండును. దీనిని త్సుబా అందురు. బహిరంగముగా కత్తి ధరించరాదని జపాను ప్రభుత్వము 1876లో శాసించగా, ఈ బిళ్ళలు కత్తులనుండి విడిపోయి అంగడికి వచ్చి, దేశదేశముల సంగ్రాహకులకు చేరినవి. వీటిలో కొన్నింటిపై సిలువవంటి ఆకారము కనబడును. వెంటనే "ఇది హింసల కాలములోని రహస్య క్రైస్తవునిది" అని చెప్పుట పరిపాటి. మన ప్రసంగములలో కూడ ఇట్టి దృష్టాంతములు సులభముగా చొరబడును గనుక ఈ విషయమును జాగ్రత్తగా చూడవలెను.

బిళ్ళ ఏ సంప్రదాయమునకు చెందినదో నిర్ణయించువారు మొదట బొమ్మను చూడరు, లోహమును చూస్తారు. ఇనుము రంగు, అంచు మందము, అలుగు మొదలు దూరే నడిమి రంధ్రము, చిన్న చాకు కొరకు ప్రక్కనుండే రంధ్రము, పనివాని సంతకము, వీటి తరువాతే చిత్రము. కియోటోలోని గోతో వంశీయులు నల్లని రాగి మిశ్రమముపై చేపగ్రుడ్లవంటి సన్నని చుక్కలు కొట్టి బంగారు బొమ్మలు అమర్చిరి. ఓవరి పనివారు దళసరి ఇనుమును తొలిచి నిరాడంబరమైన ఆకారములు తీసిరి. "నాంబాన్" అనబడే రకములో అల్లుకొన్న తీగలు, వాటి నడుమ డ్రాగనులు కనబడును. నాంబాన్ అనగా దక్షిణపు అనాగరికులు. పోర్చుగీసువారిని అట్లు పిలిచిరి. పేరు అదైనను, ఈ రకపు అలంకారము చాలవరకు చీనా పనితనమునుండి వచ్చినదే. కాబట్టి నాంబాన్ అన్నంత మాత్రమున క్రైస్తవము కాదు.

ఇక సిలువ సంగతి. 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ దిగిన కగోషిమా ప్రాంతమును ఏలిన షిమాజు వంశపు చిహ్నము వలయములోని సిలువ గుర్తే! అయితే ఆ వంశీయుల సిలువ గుర్తు 13వ శతాబ్దపు మంగోలు దండయాత్రలను చూపు చిత్రపటములోనే ఉన్నది. సువార్త అక్కడికి చేరుటకు రెండు వందల యేండ్లకు పైగా ముందటి మాట అది.

1614లో క్రైస్తవ్యము దేశమంతట నిషేధింపబడిన పిమ్మట నడుమున సిలువ ధరించి తిరుగుట ప్రాణాంతకము. ఆనాటి విశ్వాసులు మరియమ్మను బౌద్ధుల కన్నోన్ రూపములో దాచుకొనిరి. 1865లో నాగసాకిలోని ఔరా దేవాలయమునకు వచ్చి తమ విశ్వాసమును ఫ్రెంచి గురువుకు తెలిపిన ఉరకామి గ్రామస్థులు రైతులు. సమురాయ్‌లవలె రెండు కత్తులు ధరించు హక్కు వారికెన్నడును లేదు.