వారాలు వల్లెవేసిన అరుగులు

2026 మార్చి 10కి ఒక నివేదికకు 200 ఏళ్ళు నిండాయి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1826లో అదే తేదీన ప్రెసిడెన్సీలోని బడుల గురించి రాసిన నివేదిక అది. అంతకు నాలుగేళ్ళ ముందే కలెక్టర్లందరికీ ఉత్తర్వు పంపి, ఊళ్ళలో బడులెన్ని, పిల్లలెందరు అని లెక్క తీయించాడు. మొత్తం 12,498 బడులు తేలాయి. గుంటూరు కలెక్టరు పంపిన పట్టికలో 574 ఉన్నాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల అరుగుల మీదా చావిళ్ళలోనూ సాగిన బడులు చాలావరకు ఆ లెక్కలోవే. ఆ అంకె చూసినప్పుడల్లా నా మనసు అక్కడ బాసింపట్టు వేసుక్కూర్చున్న పిల్లల మీదికే పోతుంది. ఆదివారం, సోమవారం అని వాళ్ళకు ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు?

వారాల పేర్లు పాతవే. మన దేశంలో వారం పేరుతో తేదీ వేసిన తొలి శాసనంగా చెప్పేది మధ్యప్రదేశ్‌లోని ఏరణ్ స్తంభం. గుప్తరాజు బుధగుప్తుడి కాలం, క్రీ.శ. 484, గురువారం. అక్కడి నుంచి ఆరేడు వందల ఏళ్ళు దాటి వస్తే రేపల్లెకు దగ్గర్లోని చందవోలు, వెలనాటి చోళుల రాజధాని. ఆ కాలపు దాన శాసనాల్లో శకవర్షం, తిథి, వాటి వెంట వారం. దానం ఏ వారాన జరిగిందో రాళ్ళు చెబుతాయి. ఆ వారం పేరు నోరు తిరగక అవస్థపడిన పిల్లవాడి ఊసు మాత్రం ఏ రాతి మీదా లేదు.

అందుకే అరుగు బడి దగ్గర ఆగుతాను. మన్రోకు వచ్చిన జవాబుల్లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో రాసినది నాకు ప్రాణం. తెలుగుకు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఈయనే. పొద్దున్నే బడికి అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ. చిన్నపిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. పెద్దపిల్లలు చిన్నవాళ్ళకు చెప్పేవారు. పాదిరీ ఆండ్రూ బెల్ మద్రాసులో చూసి ఇంగ్లండుకు పట్టుకుపోయిన పద్ధతి ఇదే.

మన కోస్తా అరుగుల మీద పొద్దుగూకే వేళ ఒప్పజెప్పడం ఉండేది. పిల్లలంతా నిలబడి, ఒకడు ముందు పలికితే మిగతావాళ్ళు గొంతు కలిపేవారు. ఎక్కాలు, ఏడు వారాలు, పదిహేను తిథులు, ఇరవయ్యేడు నక్షత్రాలు, అరవై సంవత్సరాలు. వీటిలో అన్నిటికంటే చిన్నది వారాల వరస కాబట్టి పసివాళ్ళ నోటికి అదే ముందు పట్టుబడేది. తర్వాత పెద్దబాలశిక్ష ఈ జాబితాలనే అచ్చులోకి తెచ్చింది. ఆది పక్కన సోమ ఎందుకొచ్చిందో పంచాంగం తెలిసిన అయ్యవారికి తెలుసు. శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్ర అనే వరసలో గంటకొక గ్రహం చొప్పున ఇరవైనాలుగు హోరలు గడిస్తే, ఇరవయ్యైదో హోర ఎవరిదో మర్నాడు వాళ్ళ వారం. పసివాళ్ళకు ఈ లెక్క అక్కర్లేదు, రాగం చాలు.

ఇంత శ్రద్ధగా వారాలు నేర్పిన ఆ బడికి వారంతో పనే ఉండేది కాదు. సెలవులు తిథిని బట్టి వచ్చేవి. అమావాస్య, పౌర్ణమి, వాటి మర్నాటి పాడ్యమి. పిల్లవాడు ఆటల కోసం ఎదురుచూసింది ఆకాశంలో చంద్రుణ్ణి చూసి. ఆదివారం కూడా బడే.

వారం విలువ ఇంట్లో తెలిసేది. శుక్రవారం ఆడపిల్లలకు తలంటు, శనివారం వెంకన్నకు ఒంటిపొద్దు, మంగళవారం క్షవరం కూడదు, ఇంట్లోంచి డబ్బు బయటికి పోకూడదు. సాయిబుల పేటలో శుక్రవారం జుమ్మా నమాజు. అలా ప్రతి రోజుకూ ఒక పని అంటుకుని ఉన్నందువల్లే పేర్లు పిల్లల్లో నిలిచాయని నా నమ్మకం.

ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆ అరుగుల మీద మాలపల్లి, మాదిగపల్లి పిల్లలకు చోటు లేదు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరాడు. తర్వాతి దశాబ్దాల్లో మిషన్ బడులు డెల్టా పల్లెల్లోకి వచ్చాకే వాళ్ళలో చాలామందికి పలక అందింది. ఆ బడుల్లో ఆదివారం అంటే ప్రార్థన, పాట, ఉతికిన బట్టలు. సర్కారు బడులూ ఆదివారమే తలుపులు మూశాయి. పిల్లల సెలవు చంద్రుణ్ణి వదిలి వారాన్ని పట్టుకుంది.

ఇక్కడి నుంచి కథ ఒక దారిన నడవదు. కాన్వెంట్లు వచ్చాయి, సండే మండే వచ్చాయి. 1975లో దేశంలో మొదలైన అంగన్‌వాడీల్లో గోడ మీది రంగుల పట్టిక వచ్చింది. ఇప్పుడు అమ్మమ్మ బేస్తవారం అంటుంది, టీచరు గురువారం అంటుంది, ఫోన్లో బొమ్మ థర్స్‌డే అని పాడుతుంది. ముగ్గురి మాటా ఒకే రోజని తేల్చుకోవాల్సింది నాలుగేళ్ళ పిల్ల. 2020లో మన రాష్ట్రంలో సర్కారు బడి భోజనంలో రోజుకో వంట పెట్టారు. శనివారం తీపి పొంగలి. 2023లో మూడు రోజులు రాగిజావ, మూడు రోజులు చిక్కీ అన్నారు. ఇంటి ఆచారాలు పలచబడిన చోట వారాలకు మళ్ళీ రుచి అంటింది. ఇది నాకు నిజంగా సంతోషం.

వారాలు, తిథులు, నక్షత్రాలు ఆ పాత రాగంలో గుక్కతిప్పుకోకుండా చెప్పగల ఎనభై దాటినవాళ్ళు తెనాలి, రేపల్లె చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వేసవి సెలవుల్లో వెళ్ళే మనవలు వాళ్ళను కూర్చోబెట్టి, ఫోనులో ఆ గొంతు పట్టుకోవాలి. ఎవరి దగ్గర, ఏ బడిలో నేర్చుకున్నారో, ఆ బడికి ఏ రోజు సెలవో కూడా అడిగి రాసుకోవాలి.